దర్శి సీమయందు క్రైస్తవ గ్రంథాధ్యయనము

విద్య ఉపయోగవంతమగుటకు నాలుగు కాలములు గలవని పతంజలి మహాభాష్యమునందలి పస్పశాహ్నికమున వచించెను. గురుముఖమున గ్రహించునది ఆగమకాలము. తాను మరల మరల చదువుకొనునది స్వాధ్యాయకాలము. ఇతరులకు బోధించునది ప్రవచనకాలము. అనుష్ఠానమున వినియోగించునది వ్యవహారకాలము. ఈ విభాగము వేదవేదాంగముల నుద్దేశించి చేయబడినదే. ఐనను, ఏ మతమునందైనను గ్రంథమొకటి ప్రమాణమై నిలిచి, దానిని చదువుటచే భక్తి పెంపొందు తీరును విమర్శించువారి కిది మిక్కిలి యక్కఱకు వచ్చును. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములయందు పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున వ్యాపించిన క్రైస్తవమత చరిత్రము నీ దృష్టితో పరిశీలించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ చరిత్రమును గూర్చి లోకమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. క్షామకాలమున అన్నమునకై వేలకొలది జనులు మతము మారిరనునది యొకటి. ఒక్క దినమున రెండువేలకు పైబడిన జనులు బాప్తిస్మము పొందుట కేవలము దైవాద్భుతమనునది రెండవది. మొదటివారు జనుల యాకలినే చూచిరి. రెండవవారు ఆ యొక్క దినమునే చూచిరి. ఆ దినమునకు ముందును వెనుకను గ్రంథశ్రవణముతో, అక్షరాభ్యాసముతో, బోధతో గడచిన దీర్ఘకాలమును ఇరువురును ఉపేక్షించిరి. వస్తువు పుట్టుటకు కారణమైనదే అది నిలుచుటకును కారణమై యుండవలెనను నియమము లేదు. కుమ్మరి కుండను పుట్టించును గాని కుండను నిలుపునది మట్టియే. కావున ఉత్పత్తిహేతువును, స్థితిహేతువును వేర్వేఱుగా విచారింపక యీ విషయమున తీర్పు చెప్పరాదు.

దర్శి పూర్వము నెల్లూరు జిల్లాలోని తాలూకా. వేంకటగిరి సంస్థానపు భూములలోనిది. 1904లో ఒంగోలు తాలూకా నూతనముగ నేర్పడిన గుంటూరు జిల్లాలో చేరినను, దర్శి పొదిలి కనిగిరులు నెల్లూరుతోనే యుండి, 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పు డందు కలిసెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అను పేరు పెట్టబడినది. ఇది వాఙ్మయచరిత్రమున చిన్న సీమ కాదు. పండరంగని అద్దంకి శాసనము క్రీ. శ. 848 నాటికే యిచ్చట తరువోజ వెలసినదని చాటుచున్నది. ఎఱ్ఱాప్రెగ్గడ నాదరించిన ప్రోలయ వేమారెడ్డికి అద్దంకియే రాజధాని. ఐనను ఆ శాసనముగాని ఆ భారతశేషముగాని యెవ్వరి చేతి చెప్పులచేతను, మోటబానలచేతను ఈ మెట్టసీమ వ్యవసాయము సాగుచుండెనో ఆ మాదిగల కన్నులకు అక్షరముగా నెన్నడును తోపలేదు. వారు తంగేడు చెక్కతో తోళ్లు పదును చేయుదురు. బావులకు తొండములు కుట్టుదురు. పండుగలకు డప్పు కొట్టుదురు. కళ్లమునొద్ద మేర పుచ్చుకొందురు. ఊరికి వారు లేనిది జరుగదు; ఊరి బడిలో మాత్రము వారికి చోటు లేదు.

ఈ చరిత్రమునకు ముఖ్యాధారములు రెండు. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల వృత్తాంతములను సేకరించి వ్రాసిన గ్రంథ మొకటి. ఆమె భర్తయగు జాన్ ఎవరెట్ క్లౌ చెప్పగా కూర్పబడి, ఆయన 1910లో మృతినొందిన పిదప 1914లో వెలువడిన ఆత్మచరిత్ర మొకటి. ఈ రెండును మతప్రచార పక్షమునకు చెందినవారి రచనలే. విదేశములందలి దాతలును వీనిని చదువుదురు. కావున వానిని పరీక్షించి గ్రహింపవలయును. ఐనను, తమ పక్షమునకు నష్టము కలిగించు విషయములను సైతము దాచక చెప్పిన తావులలో అవి విశ్వసనీయములే.

ముందుగా చదువబడిన గ్రంథమును గూర్చి తెలిసికొందము. బైబిలును తెలుగు చేయుటకు మొదట పూనినవాడు పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున చెన్నపట్టణమున నుండిన జర్మనుదేశీయుడు బెంజమిన్ షుల్జ్. ఆయన యనువాదము అచ్చుపడక వ్రాతప్రతిగానే యుండిపోయెను. 1805లో లండను మిషను పక్షమున విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి యనువారు, క్రైస్తవమును స్వీకరించిన ఆనందరాయరను బ్రాహ్మణుని సాహాయ్యముతో మరల నా పనికి పూనుకొనిరి. వారిరువురును అల్పకాలముననే గతించిరి. వారు తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. 1818లో క్రొత్తనిబంధన మంతయు, 1854లో బైబిలు సమగ్రముగను తెలుగున వెలువడినవి. చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రకటితమైనది 1858లో. అనగా తెలుగున గద్యరచనకు వ్యాకరణమర్యాద స్థిరపడుచున్న కాలముననే యీ మహాగ్రంథము గద్యముగా తెలుగువారి చేతికి వచ్చినదన్నమాట.

ఆ యనువాదమునందలి పరిభాష శాబ్దికులకు విచారణీయము. గ్రీకుమూలమున శుభమైన వార్త యను నవయవార్థముగల పదమునకు 'సువార్త' యని కూర్చిరి. ఇది మూలమునకు సరిగా సరిపోయిన కర్మధారయము. మనస్సు మార్చుకొనుట యను నర్థముగల పదమునకు 'మారుమనస్సు' అనిరి. ఆచ్ఛికమును తత్సమమును కలిసిన మిశ్రసమాసమిది. మూలపదమునను మార్పును దెలుపు నుపసర్గమును మనోవాచకమును గలవు. 'ప్రాయశ్చిత్తము' అని యనువదించినచో కర్మకాండమే స్ఫురించెడిది. 'మారుమనస్సు' అనుటచే లోపలి మార్పే స్ఫురించుచున్నది. నీ ధాతువుపై క్తిన్ ప్రత్యయముచే సిద్ధించిన 'నీతి' పదము కామందకాదులయందు రాజనయమును దెలుపునది. ఇందు దేవునియెదుట నిర్దోషత్వమును దెలుపునదైనది. యూదుల ధర్మశాస్త్రము నెఱిగిన లేఖకులకు 'శాస్త్రులు' అను పేరు పెట్టుట మఱియొక విశేషము. ఆ శాస్త్రులను క్రీస్తు పలుమారు మందలించిన ఘట్టములను వినినప్పుడు, ఒంగోలు సీమ శ్రోతల మనస్సున ఏ శాస్త్రులు మెదలియుందురో ఊహింపవచ్చును. ఇట్టి యొక్క పదము చేయు పని యెంతటిదో యనువాదకులే యెఱుగకపోయి యుండవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది 'వాక్యము'. వచ్ ధాతువునకు ణ్యత్ ప్రత్యయము చేరగా, చెప్పదగినదను సామాన్యార్థమున 'వాచ్యము' అనియు, శబ్దసంజ్ఞయందు 'వాక్యము' అనియు రూపభేదమును పాణిని విధించెను. యోహాను సువార్త యాదియందు దైవస్వరూపముగా చెప్పబడిన తత్త్వమునకు తెలుగున 'వాక్యము' అనియే పేరు. శబ్దమే బ్రహ్మమని ప్రతిపాదించిన భర్తృహరి గ్రంథమునకు 'వాక్యపదీయ'మను పేరు గలుగుట తలచికొన్నచో ఈ యెన్నిక యెంత గంభీరమో తెలియును. తెలుగు క్రైస్తవుల వ్యవహారమున 'వాక్యము చదువుట', 'వాక్యము చెప్పుట', 'వాక్యము వినుట' యను నుడికారములు నేటికిని నిత్యములై యున్నవి. ఒకే పదము దైవమునకును, గ్రంథమునకును, బోధకును పేరగుటచే గ్రంథము చదువుట దైవసన్నిధి నుండుటతో సమానమను భావము వారియందు పాదుకొనినది.

ఇక ఆగమకాలము. అమెరికను బాప్తిస్టు మిషను పక్షమున సామ్యూల్ డే 1840లో నెల్లూరున స్థిరపడెను. పాతిక సంవత్సరములు గడచినను ఫలము స్వల్పమే. ఆ మిషనును మూసివేయుదమని స్వదేశమునందలి పెద్దలు పలుమారు తలపోసిరి. 1854 జనవరి 1వ తేదీ ప్రాతఃకాలమున లైమన్ జూయెట్ కొలదిమందితో ఒంగోలు గుట్టనెక్కి ప్రార్థించెను. 1865లో నెల్లూరు చేరిన క్లౌ 1866లో ఒంగోలున నివాస మేర్పరచుకొనెను. అంతకు పూర్వమే యొక మాదిగ గృహస్థుడు వారిని వెదకికొని వచ్చి 1866లో భార్య నాగమ్మతో గూడ బాప్తిస్మము పొందెను. ఆయన ఒంగోలుకు సుమారు 40 మైళ్లు పడమరనున్న తాళ్లకొండపాటికి చెందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య.

పేరయ్య శూన్యహృదయుడై వచ్చినవాడు కాడు. రాజయోగ సంప్రదాయమునకు చెందిన గురువుల నాశ్రయించి, ధ్యానము నభ్యసించి, తనవారిలో గురువుగా గౌరవింపబడినవాడు. తోళ్ల వర్తకమునకై యుత్తరదేశమునకు పోయినపుడు అచ్చట క్రైస్తవబోధను వినెను. తాను వెదకుచున్నది దొరకెనని తలచి తిరిగివచ్చెను. అనగా ఈ సీమయందు క్రైస్తవమున కాదిగురువు విదేశీయుడు కాడు. గురుశిష్య సంప్రదాయమున పండిన యొక తోలుపనివాడు. అందుచేతనే ఆయన బోధ తత్త్వములు పాడు గురువు బోధవలె జనులకు సుపరిచితముగా దోచినది. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో ఒంగోలు సంఘ మేర్పడెను. ఆ నెలయందే క్లౌ తాళ్లకొండపాటికి పోగా పేరయ్య బోధ వినిన బంధువర్గము చింతతోపున గుమిగూడియుండెను. కొన్ని దినములు బోధ విని ప్రశ్నలకు ప్రత్యుత్తరము లిచ్చిన పిదప అందు 28 మందికి బాప్తిస్మ మీయబడెను.

గ్రంథపఠనము బోధకునిసైత మెట్లు మార్చునో తెలుపు ఘట్టమొకటి యా కాలముననే జరిగినది. ఒంగోలు బ్రాహ్మణులు తమ బిడ్డలకు ఇంగ్లీషు పాఠశాల పెట్టుమని కోరగా క్లౌ దంపతులు సంతసించి పెట్టిరి. అగ్రవర్ణముల నాకర్షించినచో తక్కినవారును వత్తురని మిషనరీల యాశ. ఇంతలో మాదిగలు సంఘమున చేరదొడగిరి. వారిని చేర్చుకొన్నచో తమ బిడ్డలను మాన్పింతుమని పెద్దలు తెలిపిరి. ఏమి చేయుటకును తోపక క్లౌ యొకగదిలో బైబిలు తెఱవగా, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికయందలి మొదటి యధ్యాయము కంటబడెను: జ్ఞానులను, బలవంతులను గాక లోకము తృణీకరించినవారినే దేవు డేర్పరచుకొనెనని తెలుపు భాగ మది. వేఱొకగదిలో ఆయన భార్యయు ఆ భాగమునే చదివియుండెనట. వారిరువురును దానిని విధివాక్యముగా గ్రహించి మాదిగలను చేర్చుకొనిరి. బ్రాహ్మణబాలురు బడి విడిచిరి. ఇది యాదృచ్ఛికమా, దైవికమా యను విచారము చరిత్రకారునిది కాదు. గ్రంథమును ప్రమాణముగా నంగీకరించినవాడు తన కనుకూలమైన ప్రణాళికను గ్రంథమున కధీనము చేసెననుటయే యిందు గమనింపదగినది. ప్రామాణ్యబుద్ధి యనగా నిదియే.

పిమ్మట 1876-78 సంవత్సరముల ఘోరక్షామము వచ్చెను. పూర్వము భూమి కొలతపనిని నేర్చిన క్లౌ, బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును త్రవ్వించు గుత్తను తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. బోధకులే మేస్త్రులు. పగలు పలుగుపారలు, రాత్రి పందిళ్లక్రింద బోధ. భారము మోయువారిని దగ్గఱకు పిలిచి విశ్రాంతి నిత్తునని చెప్పిన క్రీస్తుమాట నచ్చట మాటిమాటికి చెప్పుచుండిరి. తట్టలు మోయువాని చెవికి ఆ మాట రూపకము కాదు, అభిధయే.

ఇచ్చట మొదటి వాదమును పరీక్షింపవలెను. అన్నమునకై చేరిరనుటకు బలము లేకపోలేదు. కూలియిచ్చిన చేతియందు కృతజ్ఞత కలుగుట సహజము. కాని క్లౌ ఈ యాక్షేపణమును ముందుగానే తలచి, క్షామసాహాయ్యము జరుగుచున్న సుమారు 15 నెలలకాలమున ఎవ్వరికిని బాప్తిస్మ మీయకుండెను. ఈయవలసినది ద్రవ్యము ముగిసెనని ప్రకటించిన పిదపనే, 1878 జూన్ మధ్యమునుండి బాప్తిస్మము లారంభమైనవి. జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఆర్గురు బోధకులు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులవారిగా నిలిచి, 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606. అన్నమే హేతువైనచో అన్నము పెట్టుట మానిన పిదప జనులు వచ్చుట కుపపత్తి లేదు. మఱి యేది హేతువు? కులమంతయు కూడి నడచుట యొకటి. అవమానము తప్పునను నాశ యొకటి. విన్న వాక్యమునందలి విశ్వాస మొకటి. వీనిలో నెవ్వరి కేది యెంత యని తూచు త్రాసు లేదు. ఉత్పత్తిహేతువు సంకీర్ణమని యొప్పుకొనుటయే న్యాయము.

స్థితిహేతువు మాత్రము స్పష్టము, అది స్వాధ్యాయప్రవచనములే. 1872లో రామాపట్టణమున బాప్తిస్టు వేదపాఠశాల స్థాపింపబడినది. గ్రామములనుండి వచ్చిన యువకులు, పలువురు భార్యాసమేతులై, అచ్చట చదివిరి. నిరక్షరకుక్షియైన తండ్రికి కుమారుడు సువార్త చదివి వినిపించుట యొక తరములో జరిగిన మార్పు. అపొస్తలుల కార్యములందు ఐతియొపీయుడొకడు రథముపై యెషయా ప్రవక్త గ్రంథమును చదువుకొనుచుండగా, చదువునది తెలియుచున్నదా యని ఫిలిప్పు ప్రశ్నించును. త్రోవ చూపువాడు లేనిదే యెట్లు తెలియునని యాతడు బదులు చెప్పును. అదే గ్రంథమున బెరయవారు పౌలుచెప్పిన బోధను సైతము నిజమా కాదా యని ప్రతిదినము లేఖనములను పరిశోధించి చూచిరని శ్లాఘింపబడిరి. మొదటిది గురువు నపేక్షించుట. రెండవది గురువును గూడ గ్రంథముతో సరిచూచుట. ఈ రెండును కలిసినదే స్వాధ్యాయము. విని నమ్మినవాడు చెప్పినవానికి లోబడియుండును. చదివి నమ్మినవాడు చెప్పినవానిని ప్రశ్నింపగలడు. మాదిగపల్లెకు పుస్తకముతో వచ్చిన స్వాతంత్ర్య మిది.

ప్రవచనమును గూర్చి. మూడు నెలల కొకమారు బోధకులందఱు ఒంగోలున చేరుచుండిరి. తమ గ్రామముల వృత్తాంతములు చెప్పుకొందురు. గ్రంథభాగములు పాఠము చెప్పించుకొందురు. మరల నడచి తమ పల్లెలకు పోయి అదే పాఠమును ప్రాకృతజనులకు చెప్పుదురు. చెప్పవలసినవాడు చదువక తప్పదు. అందుచే నీ త్రైమాసికసభలు వారికి చలనపాఠశాల లైనవి. పల్లెలలో పగటిపని ముగిసిన పిదప దీపమునొద్ద ఒకడు చదువగా పదుగురు వినుట మనదేశమున పురాణకాలక్షేపమున కలవాటైన పద్ధతియే. పౌరాణికుడు పద్యము చదివి యర్థము చెప్పినట్లు బోధకుడు వాక్యము చదివి వ్యాఖ్యానించెను. భజనకు మారుగా కీర్తన వచ్చెను. పురుషోత్తమ చౌదరి మొదలగువారు రాగతాళములతో రచించిన కీర్తనలు చదువరానివారికి చదువై, గ్రంథార్థమును కంఠస్థము చేయించినవి. స్త్రీలలో చదువు నేర్చినవారు బైబిలు స్త్రీలను పేర ఇల్లిల్లు తిరిగి బోధించిరి. మాదిగస్త్రీ పుస్తకము చేతబట్టి నలుగురిలో వ్యాఖ్యానించుట ఆ సీమ యంతకు మున్నెఱుగని దృశ్యము. 1882-83లలో కంభము, వినుకొండ, నరసారావుపేట, బాపట్ల క్షేత్రములు ఒంగోలునుండి వేరుపడినవి. 1890 తరువాతి దశకమున కనిగిరి, పొదిలి, దర్శి ప్రత్యేక స్థానములై, బోధ యిచ్చటనే వేళ్లూనినది.

వ్యవహారకాలమే కఠినపరీక్ష. కొత్తగా చేరినవారికి క్లౌ విధించిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహముల గొలువరాదు. వినుటకు తేలికగా నున్నను వీనిలో ప్రతియొకటియు గ్రామవ్యవస్థ మూలమును తాకినది. కోతలనాడు ఆదివారము వచ్చినచో ఆసామి యూరకుండడు. చచ్చిన గొడ్డు మాంసము మాదిగకు హక్కుగా వచ్చు కూలిలో భాగము. దానిని వదలుట కూలిని వదలుట. విగ్రహము గొలువననుట జాతరకు డప్పు కొట్టననుట. అందుచే మేర నిలుపుట, బావి యడ్డగించుట, దండించుట మొదలగు బాధలు పలుతావుల వారికి కలిగినవి. ఆకలికై మతము పుచ్చుకొన్నవాడు ఆకలి కలిగించు నియమమును పాటించునా? పాటించినవారును గలరు, జారినవారును గలరు. జారినవారిని సంఘములు తొలగించినవి. పాటించినవారి సహనమునకు ఆలంబనము, వారు రాత్రులు వినిన వాక్యమే.

ఈ చరిత్రమున లోపములు లేవనరాదు. వేలమంది చేరగా బోధకులు పదులసంఖ్యలో నుండుటచే పెక్కు పల్లెలలో స్వాధ్యాయము పేరుకే మిగిలినది. విదేశద్రవ్యముపై నాధారపడుట చిరకాలము సంఘముల స్వావలంబనమునకు ప్రతిబంధకమైనది. సంఘము ప్రధానముగ నొక్క కులమువారిదగుటచే, కులభేదమును నిరసించిన గ్రంథమే కులపు గ్రంథముగా లోకులకు దోచినది. యోగులు, తత్త్వములు పాడువారు పేరయ్యవంటివారి కిచ్చిన పూర్వసంస్కారమును తరువాతివారు తగినంత స్మరింపలేదు.

ఐనను ఫలము గణనీయము. ఈ సీమకు పొరుగుననున్న వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ, ఏ పద్యవిద్య తనవారికి దూరమై యుండెనో ఆ విద్యయందే మహాకవి యయ్యెను. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. సువార్త వినిన తరములు చదివిన తరములై, చదివిన తరములు రచించిన తరమైనవనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అధ్యయనాధికారమును గూర్చి మన శాస్త్రములందు దీర్ఘచర్చలు గలవు. ఎవ్వ రర్హులు, ఎవ్వరు కారు అని నిర్ణయించుటయందు పండితులు చూపిన శ్రద్ధలో నాల్గవ వంతు చదువు చెప్పుటయందు చూపియున్నచో, తెలుగుదేశపు మాదిగపల్లెలో మొదటి పుస్తకము సముద్రములు దాటి రావలసిన యవసరము కలిగెడిది కాదు. మతమును గూర్చి యెవ్వరి యభిప్రాయ మెట్టిదైనను, ఈ మాట నిరాకరింపరానిది. భక్తి శ్రవణమున పుట్టవచ్చును. సంఖ్య యొక్క దినమున పెరుగవచ్చును. కాని అది మనుష్యునిలో నిలిచి పెరుగుటకు ఆగమము మొదలు వ్యవహారము వఱకు గల నాలుగు మెట్లును ఎక్కవలసినదే యని దర్శి సీమ చరిత్రము తెలుపుచున్నది. ఆ సీమ సంఘముల సభ్యపట్టికలను, పాత బోధకుల ఇండ్లలోని వ్రాతపుస్తకములను, వృద్ధుల నోటనున్న కీర్తనపాఠభేదములను శాసనములతో సమానముగ నెంచి సేకరించుట సాహిత్యపరిశోధకుల కర్తవ్యము.